తాత బండ ఎటు జరిగింది?

శృంగవరపుకోట,
2 ఆగస్టు 2015.

పెద్దయ్యకి,

నీ తమ్ముడి కూతురు అరుణశ్రీ రాసేది. ఉత్తరం చూసి గుండె పట్టుకోకు, ఇక్కడ ఎవరికీ ఏమీ కాలేదు. మా హాస్టల్లో సెల్‌ఫోను కనిపిస్తే వార్డెనమ్మ లాక్కుని బీరువాలో పెట్టేస్తుంది. ఆదివారం ఆఫీసు ఫోనులో రెండు నిమిషాలు మాట్లాడనిస్తారు, అవి అమ్మకే చాలవు. పైగా నువ్వు ఫోనులో "ఆ, సరే, ఉంటాను" అని మూడు మాటలే మాట్లాడతావు. అందుకని కాగితం పట్టాను.

విషయం ఏమిటంటే, ఈ నెలాఖరుకి మా ఇంటర్ పిల్లలకి వాదన పోటీ పెట్టారు. ఫిజిక్స్ చెప్పే అనూరాధ మేడమ్ అంశం ఇచ్చారు: విశ్వానికి భూమి కేంద్రమా, కాదా? ఎవరు ఏ పక్క మాట్లాడాలో చీటీలు తీయించారు. నా చీటీ విప్పితే "భూమే కేంద్రం" అని ఉంది. క్లాసంతా ఒకటే నవ్వు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందని నాలుగో తరగతి పిల్లలకి కూడా తెలుసు కదా. ఓడిపోయే పక్క నాకు అంటగట్టారని ఏడుపొచ్చింది.

తర్వాత నువ్వు గుర్తొచ్చావు. నేను ఏడో తరగతిలో ఉండగా ఈ ముక్కే నీకు చెబితే, వల బాగుచేస్తూ తలైనా ఎత్తకుండా ఏమన్నావో తెలుసా? "తిరిగితే తిరగనీయే. మన ఊరు మాత్రం ఇక్కడే ఉన్నాది" అన్నావు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు నాకు నీ సాయం కావాలి. యాభై ఏళ్లుగా సముద్రం మీద చుక్కలు చూస్తూ బోటు నడిపిన మనిషివి. భూమి కదలదని నువ్వు ఎందుకంత గట్టిగా నమ్ముతావో అన్నీ రాయి. పుస్తకంలో లేనివి రాయి.

నాన్న గుజరాత్‌లో వెరావల్ బోట్లకి వెళ్లిపోయాడట కదా, మళ్లీ మే దాకా రాడు. అమ్మని కనిపెట్టుకుని ఉండు.

అరుణశ్రీ

గవ్వలపేట,
11 ఆగస్టు 2015.

చిరంజీవి అరుణకి పెద్దయ్య దీవెనలు.

నీ ఉత్తరం పోస్టుమాన్ తెచ్చి ఇచ్చేసరికి నేను రేవులో ఉన్నాను. నాకు ఉత్తరం రావడం చూసి అందరూ మూగారు. సోములైతే కోర్టు నోటీసనుకున్నాడు. నా బోటులో పదేళ్లుగా పనిచేస్తున్నాడు, నా మీద వాడి నమ్మకం అంతమాత్రం.

ఓడిపోయే పక్క అని ఎవరన్నారే? రాసుకో.

మొదటిది. బోటు కదిలితే కాళ్లకి తెలుస్తుంది. నీళ్లు నున్నగా ఉన్నా సరే, గ్లాసులో టీ తొణుకుతుంది. భూమి మీరు చెప్పేంత వేగంగా పరిగెడితే, ఒడ్డున కూర్చుని నేను తాగే టీ ఒక్కసారైనా తొణకలేదేం?

రెండోది. కొంగ చెట్టు మీంచి లేచి ఓ గంట గాల్లో తిరిగి, మళ్లీ అదే కొమ్మ మీద వాలుతుంది. కింద భూమి జరిగిపోతుంటే దానికి ఆ కొమ్మ ఎలా దొరుకుతుంది?

మూడోది. సముద్రం మీద ఎటు చూసినా నీళ్లు గుండ్రంగా అంచు కట్టి ఉంటాయి, నడుమ నా బోటు. రెండు గంటలు నడిపి చూడు, మళ్లీ నడుమ నేనే. ఆకాశం కూడా అంతే. మన చుట్టూ సమంగా బోర్లించి ఉంది. నడుమ లేకపోతే ఓ పక్క దగ్గరగా, ఓ పక్క దూరంగా ఉండాలి కదా.

నాలుగోది. ఉత్తరాన కదలని చుక్క ఒకటుంది. పిల్లలకోడి, గొల్లకావడి, చుక్కల గుంపులన్నీ దాని చుట్టూ తిరుగుతాయి. తిరిగేవి అవి. మనం కూర్చున్న చోటే కూర్చున్నాం.

అయిదోది మా వృత్తి సంగతి. నీటి కింద మన తాత బండ ఉంది, నీకు తెలుసు. పద్దెనిమిది బారల లోతున, నాలుగిళ్లంత బండ. చేప అక్కడే మేస్తుంది. నీళ్ల మీద దానికి బోర్డు కట్టి లేదు. ఎలా పట్టుకుంటాం? ఒడ్డున దగ్గరగా ఒక వస్తువు, దాని వెనక దూరంగా ఒక కొండ. ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడేదాకా బోటు నడుపుతాం. అది ఒక గుర్తు. ఇంకో దిక్కున అలాంటిదే ఇంకొకటి. రెండు గుర్తులూ ఒకేసారి పడిన చోట కింద బండ ఉంటుంది. ఆ వస్తువేమిటి, ఏ కొండ అని మాత్రం అడగకు. బోటులో ఉన్నవాళ్లకి కూడా చెప్పం. తండ్రి పెద్ద కొడుక్కి చెబుతాడు, అంతే. ఆడపిల్లకి అసలే చెప్పరు, పెళ్లయితే గుర్తు ఇంకో ఊరి రేవుకి పోతుందని. నాకు కొడుకు లేడు, అది వేరే బాధ. ఇంతకీ నేననేది, ఒడ్డు కదలదు కాబట్టే మా పని నడుస్తోంది.

నీళ్ల కింద ఉన్నవి మాత్రం కదులుతాయి. ఈ ఏడు వేట నిషేధం అయ్యాక జూన్‌లో వెళ్తే తాత బండ లేదు. గుర్తులు సరిగ్గా పడ్డాయి, గుండు కట్టిన తాడు దింపితే ఇసక. అమ్మవారు జరిపేసింది అంటున్నారు. ఇప్పటికి రెండు నెలలు.

అందరూ బాగున్నారు. గెలిచి రా.

పెద్దయ్య లక్ష్ముడు

శృంగవరపుకోట,
30 ఆగస్టు 2015.

పెద్దయ్యా,

నువ్వు గెలిచావు! అంటే మనం రెండో బహుమతి గెలిచాం. టీ గ్లాసు చెప్పగానే నవ్వారు, కొంగ చెప్పగానే నవ్వు ఆగింది, బోటు చుట్టూ నీళ్ల అంచు చెప్పేసరికి మేడమ్ పెన్ను కింద పెట్టి వింది. "ఇవి ఎవరు చెప్పారు?" అని అడిగింది. మా పెద్దయ్య, బోటు నడుపుతాడు అన్నాను. రెండు వేల ఏళ్ల కిందటి పండితులు కూడా దాదాపు ఇవే చెప్పారట. నువ్వు అంత పాతవాడివని నాకు తెలియదు.

కానీ కొంగ దగ్గర నాకే అనుమానం వచ్చింది. మొన్న విజయనగరం వెళ్లే బస్సులో ఓ వేరుశెనగ గింజ పైకి ఎగరేశాను. బస్సు మంచి వేగంలో ఉంది. గింజ వెనక సీటు ఆయన మీద పడాలి కదా? నా అరచేతిలోనే పడింది. పదిసార్లు చేశాను. కండక్టరు "ఏటమ్మా ఆ ఆటలు, కాయలు తినీ" అని కసిరాడు. అంటే మనతోపాటు అన్నీ కదులుతుంటే కదులుతున్నట్టు తెలియదన్నమాట. టీ తొణికేది బోటు కుదుపుకి, వేగానికి కాదు.

ఇంకొకటి. మేడమ్ అందరిచేతా చేయించింది, నువ్వూ చెయ్యి. చెయ్యి చాచి బొటనవేలు నిలబెట్టు. ఒక కన్ను మూసి, దూరంగా ఉన్న దేనికో దాన్ని సూటిగా పెట్టు. ఇప్పుడు ఆ కన్ను తెరిచి రెండోది మూయి. బొటనవేలు పక్కకి దూకుతుంది! వేలు కదల్లేదు, దూరపుది కదల్లేదు. చూసే చోటు మారిందంతే. అప్పటినుంచీ ఒకటే ఆలోచన. రెండు వస్తువులు ఒకదాని మీద ఒకటి పడకుండా జరిగినట్టు కనిపిస్తే, జరిగింది ఏది? దగ్గరిదా, దూరందా, మనమా?

బండ జరగడం ఏమిటి పెద్దయ్యా? నాలుగిళ్లంత బండ ఎటు జరుగుతుంది?

నీ అక్షరాలేమిటి చింతపిక్కలంత ఉన్నాయి? ఒక్కో వరసకి నాలుగే మాటలు. నేను చిన్నప్పుడు నువ్వు బియ్యపు గింజల్లా రాసేవాడివి. అమ్మని ఫోనులో ఎలా ఉన్నావని అడిగితే "బానే ఉన్నాను" అని పెట్టేస్తోంది. వేట లేకనా?

అరుణశ్రీ

గవ్వలపేట,
14 సెప్టెంబరు 2015.

చిరంజీవి అరుణకి,

రెండో బహుమతి ఏమిచ్చారో రాయలేదు. స్టీలు డబ్బా అయితే సగం నాది.

బొటనవేలు ఆట బోటులో ఆడాను. ఒడ్డుకేసి తిరిగి చెయ్యి చాచి ఒక్కో కన్నూ మూస్తుంటే, సోములు కంగారుపడి ఇంజిను ఆపేశాడు. "ఏటైందన్నా, కళ్లు తిరగతన్నాయేటి?" అన్నాడు. సైన్సురా అన్నాను. ఎడం కన్నుతో చూస్తే వేలు సరిగ్గా పడింది. కుడి కన్నుతో చూస్తే దూకడం కాదు, కొండే లేదు. ఎండ ఎక్కువగా ఉంది లే, నీళ్ల మెరుపు. అది వదిలెయ్యి.

నీ వేరుశెనగ గింజ మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. మేమూ పరిగెత్తే బోటులో ఒకరికొకరం బీడీకట్ట విసురుకుంటాం, ఎప్పుడూ సముద్రంలో పడలేదు. యాభై ఏళ్లలో నాకది తోచలేదు. సరే, కొంగని వెనక్కి తీసుకుంటున్నాను. టీ గ్లాసు కూడా తీసుకుపో.

కానీ నీ బొటనవేలే నీ మెడకి చుట్టుకుంటుంది చూడు. తెల్లారగట్ల పిల్లలకోడిని చూస్తూ ఆలోచించాను. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుందన్నావు. అంటే ఆరు నెలల్లో నా బోటు ఈ గట్టు నుంచి ఆ గట్టుకి పోయినట్టే కదా? అప్పుడు దగ్గరగా ఉన్న చుక్క దూరంగా ఉన్న చుక్క మీంచి పక్కకి జరగాలి, ఒడ్డున చెట్టు కొండ మీంచి జరిగినట్టు. జరగలేదే! పిల్లలకోడి పిల్లలు మా తాత నాడు ఎలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. ఇది మీ మేడమ్‌ని అడుగు. జవాబు చెప్పలేకపోతే భూమి కదలనట్టే.

బండ సంగతి మీ పుస్తకాల్లో ఉండదు. గంగమ్మ తలచుకుంటే కొండలే జరుగుతాయి. తూర్పుకి వెతికాను, పడమరకి వెతికాను, అంతా ఇసకే.

మీ అమ్మ బాగుంది.

పెద్దయ్య

శృంగవరపుకోట,
27 సెప్టెంబరు 2015.

పెద్దయ్యా,

నీ ప్రశ్న చదివి మేడమ్ కుర్చీలోంచి లేచింది. భూమి కదలదని వాదించినవాళ్ల దగ్గర ఉన్న అన్నిటికంటే గట్టి ప్రశ్న అదేనట. దానికి జవాబు దొరకడానికి వందల ఏళ్లు పట్టిందట. నువ్వు వలలు అల్లుకుంటూ దాన్ని సొంతంగా కనిపెట్టావని క్లాసులో చెప్పింది. నాకెంత గర్వంగా ఉందో రాయలేను.

జవాబు ఇది. చుక్కలు నిజంగానే జరుగుతాయి. కానీ అన్నీ మరీ దూరం. బాగా దగ్గర చుక్క కూడా ఆరు నెలల్లో ఎంత జరుగుతుందంటే, మూడు కిలోమీటర్ల అవతల ఎవరో రూపాయి బిళ్ల పట్టుకుంటే దాని వెడల్పు ఎంత కనిపిస్తుందో అంత. మామూలు కంటికి అందదు. నూట ఎనభై ఏళ్ల కిందట పెద్ద దుర్బిణీలతో కొలిచారు. అంటే నీ ప్రశ్న తప్పు కాదు, చూసే కన్ను చాలలేదు.

సూర్యుడు కూడా నడుమ కాదట. అసలు నడుమ అనేదే లేదట. ఎవరు ఎక్కడ నిలబడినా అన్నీ తమనుంచే దూరంగా పోతున్నట్టు కనిపిస్తుందట. నీ బోటు చుట్టూ నీళ్ల అంచులాగే కదా?

ఇక్కడిదాకా సంతోషంగా రాశాను. ఇక రెండో సంగతి.

మొన్న ఆదివారం అమ్మ వచ్చింది. చేపల పులుసు తెచ్చింది. తిన్నాను, మన బోటు చేప కాదు. సముద్రం పక్కన పుట్టినదాన్ని, ఐసులో మూడు రోజులున్న చేప నాకు తెలియదా? శ్రీకాకుళం మార్కెట్లో కొన్నానంది. మన బోటుండగా కొనడమేమిటి అంటే మాట మార్చింది. చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టి అడిగితే అప్పుడు చెప్పింది. నిషేధం అయ్యాక మొదటి వేట రోజు, చేపలు అమ్మడానికి ఎక్కే ఆటోకి ఆలస్యమవుతోందని, ఆడవాళ్లు దాటకూడని మన బోటు తాడుని అమ్మ దాటిందట. బండ పోవడానికి అదే కారణమని నాన్న వెరావల్ వెళ్లాక సోములు మొదలుపెట్టాడట. ఇప్పుడు బోటు ఖాళీ అయ్యేదాకా అమ్మ రేవులోకి రాకూడదట. ఇసకదిబ్బ మీద గంప పక్కన పెట్టుకుని ఒక్కతే కూర్చుంటోందట. నువ్వు ఒక్క మాట అనలేదట.

రెండు నెలలుగా నాకు కొంగల గురించీ చుక్కల గురించీ రాస్తున్నావు. ప్రతి ఉత్తరంలోనూ అమ్మ బాగుందని రాశావు. నాకు చాలా కోపంగా ఉంది పెద్దయ్యా. తాడు ఒడ్డున ఉంది. బండ పద్దెనిమిది బారల కింద ఉంది. అమ్మ కాలు దాన్ని ఎలా జరిపింది? సైన్సు కాదు, మామూలుగా చెప్పు.

అరుణశ్రీ

గవ్వలపేట,
6 అక్టోబరు 2015.

అరుణకి,

ఇవి రేవు సంగతులు. పెద్దవాళ్లం చూసుకుంటాం. నువ్వు చదువుకో.

లక్ష్ముడు

శృంగవరపుకోట,
1 నవంబరు 2015.

పెద్దయ్యా,

దసరా సెలవులకి వచ్చి ఎనిమిది రోజులున్నాను. నేను ఎదురైతే నువ్వు వల భుజానేసుకుని అటు తిరిగిపోయావు. ఓసారి నేను పదడుగుల దూరంలో నిలబడితే "ఎవరది?" అన్నావు. కావాలని అన్నావనుకుని ఇంటికెళ్లి ఏడ్చాను. తర్వాత నీ ఉత్తరాలన్నీ వరసగా పరిచి చూశాను. మొదటిదానికంటే రెండోది, రెండోదానికంటే మూడోది, అక్షరాలు పెరుగుతూ వచ్చాయి. మూడోది మూడే వాక్యాలు, పేజీ నిండిపోయింది. కుడి కన్నుతో చూస్తే కొండే లేదని నువ్వే రాశావు. అది నీళ్ల మెరుపు కాదు కదా?

నేను నిన్ను ఏమీ అడగను. ఒక పని మాత్రం చేశాను. సెలవుల్లో అమ్మతో గంప పట్టుకుని తిరిగాను. మన ఊరి నుంచి ఉత్తరంగా ఆరు ఊళ్లు ఆమె రోజూ తిరుగుతుంది. నిరుటి తుపాను తర్వాత, ముఖ్యంగా వేట ఆపిన ఆ రెండు నెలల్లో, ఒడ్డున ఏవేవి మారాయో చెప్పమన్నాను. అమ్మకి తెలియని గోడ లేదు. ఆమె చెప్పినవి రాస్తున్నాను.

మన ఊరి దక్షిణాన సరుగుడు తోట కొట్టేశారు. పక్క పేటలో రామమందిరానికి కొత్త గోపురం వచ్చింది, పాతదాని మీదే. తాళ్లవలసలో పాత నీళ్ల ట్యాంకు తుపానుకి బీట తీసింది, మే నెలలో పడగొట్టేశారు. దానికి రెండు వందల అడుగులు ఉత్తరంగా కొత్తది కట్టి సున్నం వేశారు, పైన నీలం పట్టీ ఉంది. ఆ పక్క ఊళ్లో ఐసు ఫ్యాక్టరీ గొట్టం తుపానుకి పడిపోయింది. లైట్‌హౌస్‌కి రంగు మార్చారు.

ఇందులో నీ గుర్తు ఉందో లేదో నాకు చెప్పొద్దు. చెప్పకూడదన్నావుగా. నువ్వొక్కడివే చూసుకో.

అరుణశ్రీ

గవ్వలపేట,
22 నవంబరు 2015.

చిరంజీవి అరుణకి,

బండ దొరికింది. సోమవారం దొరికింది. ఒకేరోజు ముప్పై కోనెం చేపలు, రేవంతా పండగ. రెండు వారాల కిందట సోములు వాళ్లు గంగమ్మకి కోడిని కోశారు. అమ్మవారు చల్లబడి బండని మళ్లీ చోటుకి తెచ్చిందంటున్నారు. మీ అమ్మ గురమ్మని రేవుకి దూరంగా ఉంచడం వల్లే అమ్మవారికి కోపం తగ్గిందని కూడా అంటున్నారు.

నేనేమీ అనలేదు.

నీ జాబితా అందింది. బాగా చదువుకో.

పెద్దయ్య

శృంగవరపుకోట,
1 డిసెంబరు 2015.

పెద్దయ్యా,

బండ దొరికినందుకు సంతోషం. రెండే ప్రశ్నలు.

ఈసారి జరిగింది ఎవరు?

అమ్మ ఇంకా దిబ్బ మీదే కూర్చుంటోందా?

అరుణ

గవ్వలపేట,
28 డిసెంబరు 2015.

నా తల్లి అరుణకి,

ఈ ఉత్తరం ఆలస్యమైంది. నా చేత్తో, నా కంటితో చూసుకుని రాయాలని ఆగాను. మొదటినుంచీ చెప్పనీ.

నీ జాబితా మూడుసార్లు చదివాను. ప్రతిసారీ తాళ్లవలస దగ్గరే ఆగాను. ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి వెళ్లాను. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊరికి నేను ఒడ్డు మీద వెళ్లడం అదే మొదటిసారి. ఎప్పుడూ నీళ్ల మీంచే చూశాను. కొత్త ట్యాంకు కిందకి వెళ్లి స్తంభం మీద చెయ్యి వేసి నిలబడ్డాను. పాతదాని దిమ్మలు గడ్డిలో ఉన్నాయి. అడుగులు కొలుచుకుంటూ నడిచాను. గురమ్మ చెప్పిన లెక్కే. ఒడ్డున రెండు వందల అడుగులంటే, కొండకి సూటి పెడితే సముద్రంలో అంతకంటే చాలా ఎక్కువ. అయిదు నెలలు నేను బండకి ఉత్తరాన తాడు దింపుతున్నాను. తూర్పూ పడమరా వెతికానని రాశాను కదా, దక్షిణానికి వెతకలేదు. ఆ సోమవారం దక్షిణానికి జరిగి దింపితే బండ తగిలింది. రెండో గుర్తునైనా అనుమానించాను గాని ట్యాంకుని అనుమానించలేదు. ఒడ్డున ఉన్నది కదలదనుకున్నాను.

మా తాత నాటి గుర్తు అక్కడో తాడిచెట్టు. అది పడిపోయాక మా అయ్య ట్యాంకుకి మార్చాడు. గుర్తు మారుతుందని అందరికంటే ముందు నాకే తెలియాలి. నీలం పట్టీ కుర్రాళ్లెవరికైనా కనిపించేది. నాకు తెల్లగా ఏదో ఉన్నట్టు కనిపించేది, అదే ట్యాంకనుకునేవాణ్ని. కుడి కన్ను పోయి ఏడాదైంది, ఎడమది సగం. చెబితే చుక్కాని దగ్గర నన్ను కూర్చోనివ్వరని దాచాను. సోములు మీ అమ్మ మీద నింద వేసినప్పుడు నాకు లోపల ఒక మూల తెలుసు, తప్పు నా కంటిదేమోనని. అయినా ఊరుకున్నాను. నింద ఆమె మీద ఉంటే నా కన్ను జోలికి ఎవరూ రారు కదా. అదీ నేను చేసింది. నీకు రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

బండ దొరికాక కూడా ఊరుకున్నాను. నిజం చెప్పాలంటే గుర్తు పేరు చెప్పాలి. గుర్తు చెబితే మూడు తరాల సొత్తు రేవు పాలు. మూడు వారాలు తర్జనభర్జన పడ్డాను. ఇంతలో నీ రెండు ప్రశ్నలొచ్చాయి.

ఆ మర్నాడు బోటు ఒడ్డుకి రాగానే చేపలు దించొద్దన్నాను. మీ అమ్మ దిబ్బ మీద కూర్చుని ఉంది. "గురమ్మా, ఇలా రా" అని పిలిచాను. ఆమె లేవలేదు. నా కేసి చూసి, ముఖం తిప్పుకుంది. ఎందుకు వస్తుంది? మరదలి ఎదుట నిలబడి నేను నేరుగా మాట్లాడింది ఇన్నేళ్లలో నాలుగుసార్లుంటుందేమో. అయినా నేనే కదిలాను. ఇసకలో దిబ్బ ఎక్కి వెళ్లాను, రేవంతా నా వెనకే వచ్చింది.

"బండ జరగనేదర్రా," అన్నాను. "నా గుర్తు జరిగింది. తాళ్లవలస ట్యాంకు. పాతది కొట్టీసి కొత్తది ఎడంగా కట్టినారు. నాకు కన్ను ఆనక సూసుకోనేదు. ఈ మనిసి తాడు దాటితే ఏటీ అవనేదు. తప్పు నాది."

సోములు తల దించుకున్నాడు. మీ అమ్మ లేచి నిలబడి కొంగు దులుపుకుంది.

"తాళ్లవలస ట్యాంకేటి బావా? ఆ కొత్త ట్యాంకు నీడనే రోజూ నాను గంప దించుకుంటాను. ఒక్క మాట అడిగితే సెప్పనేటి? నాలుగు నెలలు ఈ ఎండలో నన్ను కూకోబెట్టినావు."

"అడగనేదు, గురమ్మా. అడగాల" అన్నాను. మొదటి గంప నా చేత్తో మోసుకెళ్లి ఆమె ముందు పెట్టాను. ఆమె కూర్చుని తీరిగ్గా ఒక్కో చేప మొప్ప ఎత్తి చూసి, రెండు చేపలు పక్కకి విసిరేసింది. "ఇవి మెత్తబడ్డాయి. మంచివి ఇయ్యి" అంది. ఇచ్చాను.

ఇప్పుడామె రేవులో అందరికంటే ముందు కూర్చుంటోంది. మూడు బోట్లవాళ్లు ట్యాంకు గుర్తు పట్టుకుని బండ కోసం వెతుకుతున్నారు. వెతకనీ. ఒక్క గుర్తంటే ఒక గీత దొరికినట్టే. ఆ గీత మీద ఎక్కడన్నది రెండో గుర్తు చెబుతుంది.

పద్దెనిమిదో తారీకున శ్రీకాకుళంలో కుడి కంటికి ఆపరేషను చేశారు. మీ అమ్మే తోడొచ్చింది, దారంతా తిట్టింది. కట్టు విప్పాక మొదట చూసింది ఆమె ముఖమే. ఎండకి ఎంత నల్లబడిందో అప్పుడు కనిపించింది. ఈ సాయంత్రం పిల్లలకోడిని లెక్కపెట్టాను, ఆరు పిల్లలు. రెండేళ్లుగా నాకది ఓ మసక మరక. ఈ ఉత్తరంలో అక్షరాలు చూశావా? బియ్యపు గింజలు.

మన వాదన ఇంకా అయిపోలేదు. రూపాయి బిళ్లంత జరగడం నా కొత్త కంటికి కనిపిస్తే తప్ప భూమి తిరుగుతోందని ఒప్పుకోను. కానీ నడుమ సంగతి మాత్రం నీకు వదిలేశాను. నా బోటు చుట్టూ నీళ్ల అంచు ఉన్నట్టే సోములు బోటెక్కితే వాడి చుట్టూ ఉంటుంది, దిబ్బ మీద కూర్చున్న గురమ్మ చుట్టూ కూడా ఉంటుంది. ఇన్నేళ్లూ నా అంచు ఒక్కటే చూసుకున్నాను.

మార్చిలో పరీక్షలవ్వగానే రా. ఏప్రిల్ పదిహేనున వేట ఆపేస్తారు, ఆలోపే రావాలి. రెండో గుర్తు కాగితం మీద రాసేది కాదు, బోటులోంచి చూపించాల్సింది. ఆడపిల్లకి చెప్పకూడదన్న మాట నాతోనే పోనీ. నువ్వు ఏ ఊరికి వెళ్లినా నీతో తీసుకుపో. మీ అమ్మని కూడా రమ్మన్నాను. "నాకు కడుపులో తిప్పుతాది, మీరెల్లండి" అంది.

సోములు మాత్రం ఇంకా గొణుగుతున్నాడు. "ఆడపిల్ల బోటెక్కితే మళ్లీ బండ జరిగిపోతాదేమో అన్నా" అన్నాడు.

"జరిగితే గురమ్మనడుగుదాంరా" అన్నాను.

నీ పెద్దయ్య
లక్ష్ముడు